ఎల్లవ్వ ఇంటి గుంజ

మాది మొయినాబాద్‌లో సిమెంటు, రేకుల దుకాణం. ఇళ్ల గురించి నాకు తెలియనిదేముందని గొప్ప. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లను ఉచితంగా బాగుచేసే బృందంతో మొన్న ఎండాకాలంలో మొదటిసారి ఆలూరు వెళ్లాను. ఎల్లవ్వ ఇంటికి పాత పెంకులు తీసి రేకులు వేయాలి. మేస్త్రి మల్లేశన్న వచ్చేలోగా గది ఖాళీ చేద్దామని బిందెలు, మూటలు బయట పెట్టాను. గది మధ్యలో చీరలు వేలాడేసిన ఒక కర్ర గుంజ ఉంది. బట్టల కోసమే పాతుకుందనుకుని, చీరలు తీసేసి దాన్నీ ఊపి లాగాను.

పైన దూలం ఫట్‌మంది. నెత్తిన మట్టి రాలింది. గుంజను మళ్లీ దూలం కిందికి తోసి వాటేసుకున్నాను కానీ, దాని మొదలు నేల మీద మెల్లగా జారుతోంది. వదిలితే కప్పు నా మీదే.

“అవ్వా, లోపలికి రాకు!” అని అరిచాను.

పెరట్లో మాకు చాయ్ పెడుతున్న అవ్వ అప్పటికే గడప దాటింది. నేల మీద కూలబడి గుంజ మొదలు పట్టుకుంది.

“భయపడకు బిడ్డా. జర నీ దిక్కు జరుపు. ఇంకజర... గిట్ల!”

మొదలు జారకుండా బండరాయి అడ్డం పెట్టి, రోకలితో నాలుగు దెబ్బలు వేసింది. దూలం ఆగింది. అప్పుడు గుంజను వదిలాను.

“వానలకు దూలం ఇరిగితే నేనే పెట్టుకున్న. పీకేముందు నన్నొక్క మాట అడగొద్దా?” అంది.

ఇప్పటికీ ఆదివారాలు ఆ బృందంతో వెళ్తున్నాను. ఏ ఇంట్లోనైనా ముందు చేతులు వెనక్కి కట్టుకుని, “ఈడ ఏం ముట్టొద్దో చెప్పవ్వా” అంటాను.