మేరీ టీచరు ఇంట్లో ఏడో పిల్ల

"...అయితే ఏటి? కూలర్ మీ నాన్న కొన్నాడని గాలి కూడా మీ నాన్నదేనా?"

"మా ఇల్లు, మా కూలరు. నీకు కావాలంటే చీడికాడ ఎళ్ళి విసనకర్ర ఊపుకో."

"పెద్దమ్మా! జోయెల్ ఎలా అంటన్నాడో సూడు!"

గదిలో గడియ వేసుకుని కూర్చున్న ఆరోగ్యమేరి చెవుల్లో దూది ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. ఎదురుగా డీఎస్సీ గైడు తెరిచి ఉంది. 'అల్లరి చేసే పిల్లవాడి పట్ల ఉపాధ్యాయురాలు ఎలా స్పందించాలి?' అన్నది ప్రశ్న. 'ప్రేమగా దగ్గరికి తీసుకుని కారణం తెలుసుకోవాలి' అన్న జవాబు పక్కన టిక్కు పెట్టి, స్కేలుతో తలుపు మీద నాలుగు దెబ్బలు వేసింది.

"నోర్ముయ్యండి!"

బయట ఎవరూ నోరు మూయలేదు. ఒక స్టీలు గ్లాసు దొర్లిన చప్పుడైంది. అప్పుడు ఇంకో గొంతు వినబడింది.

"అరవొద్దు. పెద్ద ముల్లు రెండు మీదికొచ్చేదాకా చంటి. అక్కణ్ణుంచి నాలుగు దాకా జోయెల్. మజ్జిగ తాగినోళ్ళు గ్లాసు కడగాలి. కడగనోళ్ళ వంతు పోతాది."

గొడవ ఆగిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు, గ్లాసు కడిగిన చప్పుడు. మేరీ తర్వాతి ప్రశ్న చదివింది. దాని తర్వాతిదీ చదివింది. పదిహేను ప్రశ్నలయ్యాక గానీ ఆ గొంతు ఎవరిదన్న అనుమానం రాలేదు.

ఆరోగ్యమేరి అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్ళుగా మూడో తరగతికి చెబుతోంది. ప్రభుత్వ టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ మూడుసార్లు రాసింది. మొదటిసారి కడుపుతో, రెండోసారి చంటిపిల్లని బయట అత్తగారి చేతికిచ్చి, మూడోసారి టైఫాయిడ్‌తో. ఆ మూడోసారి ఒకటిన్నర మార్కులో పోయింది. వయసు ప్రకారం ఈసారిదే ఆఖరి అవకాశం. పరీక్షకి ఇంకా పదకొండు రోజులుంది.

ఈ పరీక్ష కోసమే అక్కచెల్లెళ్ళు ముగ్గురూ వేసవి సెలవులకి ఒక ఒప్పందం చేసుకున్నారు. పెద్దక్క లూర్దుమేరిది దేవరాపల్లి, చెల్లెలు సుజిది చీడికాడ. ఇంటికి ఇద్దరు చొప్పున పిల్లలు ఆరుగురు. ఆరుగురూ ఒక వారం ఒక ఇంట్లో, ఇంకో వారం ఇంకో ఇంట్లో ఉండాలి. మొదటి వారం సుజి చూసింది, రెండో వారం లూర్దక్క చూసింది. మూడో వారం ఆదివారం సాయంత్రం పిల్లలు ఆటోలో వచ్చి మేరీ గుమ్మం ముందు దిగారు. అందరి తలల మీదా పసుపు టోపీలు. మేరీ భర్త జేకబ్ పనిచేసే మందుల కంపెనీలో భద్రతా వారోత్సవాలకి పంచగా మిగిలినవి. వాళ్ళతో పాటు ఒక పెద్ద పనసకాయ కూడా దిగింది. లూర్దక్క పంపిందనుకుని మేరీ దాన్ని మంచం కిందికి తోసింది.

ఇది బుధవారం. మేరీ తలుపు తీసి పిల్లల్ని లెక్కపెట్టింది. ఏడుగురు. టోపీల వల్ల ఎవరినైనా రెండుసార్లు లెక్కపెట్టానేమోనని టోపీలు తీయించి మళ్ళీ లెక్కపెట్టింది. ఏడుగురే. బడిలో రోజూ నలభై ఇద్దరికి హాజరు పిలిచే మనిషి. మూడు రోజులుగా అన్నం వండి పెడుతూనే ఉంది.

గడియారం కింద పదకొండేళ్ళ పిల్ల ఒకత్తి నిలబడి ఉంది. రెండు జడలు, చేతిలో వంతులు రాసిన పలకముక్క.

"నువ్వెవరమ్మా?"

"శ్రావ్యనండి. ఆరో తరగతి అయిపోయింది."

మేరీ కొడుకుని పక్కకి పిలిచింది. "ఆ పిల్ల ఎవర్రా?"

"లీడరమ్మా," అన్నాడు జోయెల్.

అయినవాళ్ళ పిల్లని పట్టుకుని నువ్వెవరి కూతురివని అడిగితే రేపు ఆ మాట ఊరంతా తిరుగుతుంది. మేరీ పెరట్లోకి వెళ్ళి సుజికి ఫోన్ చేసింది.

"ఏటక్కా, బావ తాలూకు పిల్ల కాదా? మీ వాళ్ళతోటే ఆటో దిగింది కదా. వారం రోజులు తలకి నూనె రాసి జడలు కూడా ఏసేను!"

లూర్దక్క ఇంకా నమ్మకంగా చెప్పింది. "సుజి ఆడపడుచు కూతురే అది. ముక్కు సూడలేదేటి? అచ్చం ఆ ముక్కే."

"సుజి ఆడపడుచుకి పెళ్ళి కాలేదక్కా."

"అయితే ఆ ముక్కు ఎక్కడిదే?" అంది లూర్దక్క.

కనుక్కుని చెబుతామని ఇద్దరూ అన్నారు. మేరీ లోపలికి వచ్చేసరికి శ్రావ్య గది గుమ్మంలో గైడు పట్టుకుని కూర్చుంది.

"అడగమంటారా టీచర్?"

మొదటి రోజు వంద ప్రశ్నలడిగితే మేరీకి యాభై ఒకటి వచ్చాయి. తప్పు చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల మొహంలో జాలిలాంటిది ఏదీ కనబడలేదు. "తప్పండి. మూడోది. మూడుసార్లు రాయండి," అంది. మేరీ రాసింది. హాల్లో ఆరుగురు పిల్లలూ గడియారం వంక చూస్తూ వరసగా కూర్చున్నారు. గురువారం అరవై నాలుగు వచ్చాయి. శుక్రవారం డెబ్భై ఎనిమిది. సుజి, లూర్దక్క ఇంకా కనుక్కుంటూనే ఉన్నారు. వాళ్ళని తొందరపెట్టడం మంచిది కాదని మేరీ మళ్ళీ ఫోన్ చేయలేదు.

శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర జేకబ్‌కి చెప్పింది.

"సుజి వాళ్ళ పెద్దమ్మాయి కదా? ఎంత ఎదిగిపోయిందో అనుకుంటన్నాను," అన్నాడతను.

"సుజికి ఇద్దరూ మగపిల్లలే."

"అవునా?" అని జేకబ్ కొంచెంసేపు ఆలోచించి, ముద్ద కంచంలో వదిలేశాడు. "మేరీ, అయితే పరాయి పిల్లే! పోలీసులకి చెప్పాలి కదా!"

"చెప్పాలి. ముందు ఆ పిల్లనే అడగండి."

జేకబ్ అడిగాడు. "అమ్మా, మీ నాన్న పేరేటి?"

"త్రినాధరావండి. మమ్మల్నందర్నీ ఆటోలో తెచ్చినాయనేనండి," అంది శ్రావ్య, ఇంత సులువైన ప్రశ్న అడిగినందుకు ఆశ్చర్యపోతూ.

ఫోన్ చేస్తే త్రినాధరావు శనివారం పొద్దున్నే వచ్చాడు. ఇంకో పనసకాయ తెచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా దాన్ని ఎత్తుకునే గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పయిపోనాది టీచరమ్మా. పిల్లలందరికీ ఒకే రకం టోపీలు, వారానికో ఊరు. సమ్మర్ క్యాంపనుకున్నానండి. ఇంకొక పిల్లని సేర్సుకుంటారా అని మీ బాబుని అడిగితే సేర్సుకుంటారన్నాడు. టోపీ కూడా ఇచ్చేడు. మాయావిడ జీడిపిక్కల ఫ్యాక్టరీకి ఆరింటికే ఎలిపోద్ది. నేను బండి మీద తిరుగుతాను. ఇంటికాడ పిల్ల ఒక్కర్తే ఉండిపోతాదని..."

"ఆ పనసకాయలు?"

"ఫీజండి."

జేకబ్ నవ్వబోయి, మేరీ మొహం చూసి ఆగాడు.

"బేగు సర్దుకోమ్మా, ఎలిపోదాం," అన్నాడు త్రినాధరావు కూతురితో.

"ఇంకా రెండు సాప్టర్లు ఉన్నాయి నాన్నా. టీచర్‌కి లెక్కలు రావట్లేదు."

"పెద్దోళ్ళని అలా అనకూడదు. పద."

శ్రావ్య పలకముక్క గోడకి ఆనించి, బట్టలు మడతపెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల గుమ్మం దాటిందో లేదో, చంటి వంతు ఇంకా మూడు నిమిషాలుండగానే జోయెల్ వచ్చి కూలర్ ముందు కూర్చున్నాడు. చంటి వాణ్ణి తోశాడు. మిగతా నలుగురూ ఎవరి పక్షం వాళ్ళు తీసుకున్నారు. కూలర్ ఒకసారి గోడవైపు వాలి, ఆలోచించుకున్నట్టు ఆగి, ఇటు పడింది. నిండు తొట్టి నీళ్ళు హాలు దాటి గదిలోకి పారాయి. జేకబ్ కుర్చీ ఎక్కి స్విచ్చి ఆపాడు. మేరీ గదిలోకి పరుగెత్తింది. చాప మీద ఉన్న గైడు సగం తడిసింది. నోట్సు పుస్తకం పూర్తిగా తడిసింది. పరీక్షకి ఎనిమిది రోజులుంది.

ఆమె గైడు చంకలో పెట్టుకుని, పాదాలు తడిసే నీళ్ళలో హాలు మధ్యకి వచ్చి నిలబడింది. పిల్లలు నేను కాదంటే నేను కాదని ఒకేసారి చెబుతున్నారు.

"పరాయి పిల్ల మేరీ," అన్నాడు జేకబ్ కుర్చీ మీదనుంచే, చిన్న గొంతుతో. "ఇచ్చేద్దాం. మన పిల్లల్ని మనం సూసుకోలేమా?"

శ్రావ్య సంచితో బయటికి వచ్చి, నీళ్ళు చూసి, సంచి బల్ల మీద పెట్టి, మేరీ చంకలోంచి గైడు తీసుకుంది. తడిసిన కాగితాలు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది.

"పరీక్ష దాకా ఉంటావా అమ్మా?" అని అడిగింది మేరీ.

"నాన్న ఒప్పుకుంటే ఉంటానండి."

త్రినాధరావు కూతురినీ, నీళ్ళనీ, కుర్చీ మీది జేకబ్‌నీ చూశాడు. "మీ ఇష్టం టీచరమ్మా," అన్నాడు.

"మీ ఆటోలో ఎంతమంది పడతారు?"

"ఎనమండుగురు పడతారండి. పిల్లలైతే ఇంకా ఎక్కువే."

"అయితే ఈ ఆరుగుర్నీ ఎక్కించుకుని చీడికాడలో సుజి ఇంటి దగ్గర దింపెయ్యండి," అంది ఆరోగ్యమేరి. "శ్రావ్య ఇక్కడే ఉంటాది."