కమాయి ఊపిరి

హవాయి దీవుల్లోని మా వాయిపియో లోయలో నాటువైద్యం చేసే కమాయి చేతికి భయపడని వాళ్లు లేరు. కడుపునొప్పని వెళ్తే చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని వేళ్లతో పొట్టంతా తడిమేది. బతికే మనిషైతే లేచి కామంచి ఆకు కోసుకొచ్చేది. బతకడని వేళ్లకు తెలిస్తే మందిచ్చేది కాదు. ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనది పెట్టండి అనేది. మా అన్నకూ అలాగే చెప్పింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్న ఆ వారం దాటలేదు, ఆమె మీద నా కోపమూ చాలా రోజులు పోలేదు.

పెంచుకున్న కూతురు లోయికాకు తన విద్యంతా నేర్పింది. గులకరాళ్లు మనిషి ఆకారంలో పేర్చి, ఏ జబ్బు ఎక్కడ చేతికి తగులుతుందో తడిమించి చెప్పేది. మందు దంచే రాతి పొత్రం, వడగట్టే తుంగ పీచు, తాగించే కొబ్బరి చిప్ప తనూ ఆ పిల్లా తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఇక మిగిలింది ఒక్కటే. విడిపోయేటప్పుడు గురువు శిష్యుల నోట్లోకి తన ఊపిరి ఊదాలి. అది అందని చేతి మందు మా వాళ్లెవరూ తాగరు. ఎంత నేర్చినా అది ఉత్త ఆకుపసరే.

"నా ఊపిరి నాకెప్పుడిస్తావే అమ్మా?" అని లోయికా వేళాకోళమాడేది. నన్ను సాగనంపడానికి ఎంత తొందరే నీకు, అని కమాయి పడీపడీ నవ్వేది.

ఒకరోజు చేమదుంపలు ఇచ్చిపోదామని వాళ్లింటికి వెళ్లాను. కమాయి మందుకని తొగరుకాయలు దంచుతోంది. చెక్క గిన్నెలో ఎర్రగా కనిపించింది.

"అత్తా, రక్తం," అన్నాను.

ఆమె గిన్నెలోకి చూసింది, తర్వాత చేతిని చూసుకుంది. పొత్రం కింద వేలు చితికిపోయి గోరు వేలాడుతోంది. అది తెలియకుండానే అప్పటిదాకా దంచుతూ ఉంది. లోయికా పొయ్యి దగ్గర నిలబడిపోయింది. కమాయి ఒక నిప్పుకణిక తీసి ఇంకో వేలికి ఆనించుకుంది. కాలిన వాసన మాకొచ్చింది గానీ, ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

ఒంటికి స్పర్శ పోయిందంటే అది కుష్ఠు, మనుషుల్ని విడదీసే జబ్బని అందరికీ తెలుసు. వచ్చినవాళ్లను పోలీసులు మొలొకాయి దీవికి పంపేస్తారు, అక్కణ్ణించి తిరిగొచ్చినవాళ్లు లేరు. కమాయి ఆ మందు సముద్రంలో పారబోసి, మళ్లీ ఎవరి పొట్టా ముట్టలేదు. రోగుల్ని వెనక్కి పంపేస్తుంటే ఊరికి అనుమానం రాదా? కొన్నాళ్లకే పోలీసులు దిగారు.

అమ్మకు తోడుగా తనూ వస్తానని లోయికా కాళ్లావేళ్లా పడింది, పోలీసులు పడవ ఎక్కనివ్వలేదు. అప్పుడా పిల్ల తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, తల పైకెత్తి నోరు తెరిచింది. ఒడ్డునున్న జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కమాయి వంగింది. గుడ్డ చుట్టిన చేత్తో కూతురి నోరు మూసి, మొహం సముద్రం వైపు తిప్పుకుని ఊపిరంతా వదిలేసింది.

"నాది చెడిపోయిందే తల్లీ. ఇంకెవరి దగ్గరైనా తీసుకో."

ఇంకెవరున్నారని? చుట్టుపక్కల నాటువైద్యులందరూ అంతకుముందే పోయారు. లోయికా చేయి వదలకపోతే పోలీసులే విడదీశారు.

ఆ తర్వాత లోయికా రోజూ మందు దంచి పెట్టేది. ఎవరూ రాలేదు. నా భార్యకు జ్వరమొస్తే లోయికా దగ్గరికి వెళ్దామన్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పిల్ల వేళ్లూ కమాయి వేళ్లలాంటివేనని ఎంత చెప్పినా వినలేదు.

కమాయి పోయిందని పడవవాళ్లు చెప్పిన రోజు నేనే ఆ కబురు మోసుకెళ్లాను. లోయికా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఓదార్పుగా ఉంటుందనుకుని, మీ అమ్మ నిన్ను కాపాడి పోయిందమ్మా అన్నాను.

"ఎందుకు మావా కాపాడటం? ఊదేసి ఉంటే జబ్బొచ్చేది. నన్నూ అక్కడికే పంపేవాళ్లు. చచ్చేదాకా అమ్మ దగ్గరుండేదాన్ని."