గోళ్లలో బూడిద

మొన్న రాయగడలో నా నల్ల కారుకు పాలిష్ పట్టిస్తుంటే, పనిచేసే ఆయన లైటు దగ్గరగా పెట్టి చూపించాడు. పెయింటు నిండా సాలెగూడులాంటి సన్నని గీతలు.

"పొడి దుమ్ము మీద గుడ్డెట్టి రుద్దేరు సార్. మిషనెడితే పోతాయి."

అలాంటి గీతలు ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి నేనే గీశాను.

మా నాన్న చింతపండు షావుకారి దగ్గర డ్రైవరు. దసరా వాహనపూజ రోజు పొద్దున్నే అమ్మ చింతపండూ బూడిదా వేసి ఇత్తడి బిందెలు తోమితే బంగారంలా మెరిశాయి. నాన్న సంతోషిస్తాడని ఆ బూడిదా పీచూ పట్టుకెళ్లి, షావుకారి నల్ల అంబాసిడర్‌ని గుండ్రంగా తోమేశాను.

ఎండెక్కేసరికి కారు నిండా సున్నాల్లా గీతలు తేలాయి.

"ఎవుడ్రా ఇది సేసింది?" అని షావుకారు అరిచాడు.

నాన్న నావైపు చూడలేదు. "నానే బాబూ. గుడ్డలో ఇసకుంది, సూసుకోనేదు."

షావుకారు కారు తాళాలు లాక్కున్నాడు. మర్నాటి నుంచి నాన్న ఆయన చింతపండు గోడౌనులోనే బస్తాలు మోశాడు. బస్తా తగులుతుందేమోనని కారు పక్కన ఒదిగి నడిచేవాడు. నాన్న నిజంగా ఇసకే అనుకున్నాడని, నేను చేసినట్టు ఆయనకు తెలియలేదని లోలోపల సంబరపడ్డాను. ఆయన పోయేదాకా నోరు విప్పలేదు.

కానీ ఆ పూజ రోజు సాయంత్రమే నాన్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, చీపురుపుల్లతో నా గోళ్లు ఒక్కొక్కటే శుభ్రం చేశాడు.

"అన్నం తినే సెయ్యిరా. సుబ్బరంగా ఉండాల."

గోళ్లలో ఉన్నదేమిటని మాత్రం అడగలేదు.