గంజి పోని గుడ్డ

ఉద్యోగంలో చేరిన పదహారో ఏట, ఏప్రిల్ మొదటి వారంలో, సీనియర్ అబ్జర్వరుగా నన్ను ఎమ్మిగనూరు దగ్గరి వాతావరణ పరిశీలన కేంద్రానికి బదిలీ చేశారు. అంతకుముందు ఆదోనిలో నాలుగేళ్లు చేశాను కాబట్టి ఆ ఎండలు నాకు కొత్త కాదు. ఎమ్మిగనూరులో నేను చేసిన సిగ్గుమాలిన పని మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా పని చూడడానికి తేలిక. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి ఆవరణలోని తెల్ల చెక్కపెట్టె తెరిచి థర్మామీటర్లు చూసి రిజిస్టరులో రాయాలి. వాటిలో రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పొడి బల్బు. రెండోదాని బల్బుకు పల్చని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను నీటి సీసాలో ముంచుతాం. అది తడి బల్బు. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు గబగబా ఆవిరై బల్బును చల్లబరుస్తుంది, రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. గాలిలో ఆవిరి బాగా ఉంటే తేడా తగ్గుతుంది. ఆ తేడాను బట్టి తేమ లెక్క కడతాం. వేసవిలో తేమ గాలి నేల వేడికి పైకి లేచి, పైన చల్లబడి నీటిబొట్లవుతుంది. అప్పుడు విడుదలయ్యే వేడి మబ్బును ఇంకా పైకి తోస్తుంది. ఉరుములు, వడగళ్లు అలా పుట్టినవే. తేమ లేకపోతే దుమ్ము లేస్తుంది, అంతే.

బల్బు గుడ్డను వారానికోసారి మార్చాలి. ఆఫీసు నుంచి రావలసిన గుడ్డ రాలేదు. నేను అద్దెకున్న ఇంటి పక్కనే రాఘవప్ప అనే నేతగాడు ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. అడగ్గానే మగ్గం దిగి వచ్చి ఓ ముక్క చించి ఇచ్చాడు.

“కోరాగుడ్డ సార్, గంజి ఉంటాది. బాగా ఉడకబెట్టి ఉతికి వాడుకోండి” అన్నాడు.

నాకు చెప్పేవాడా అనుకున్నాను. నీళ్లలో ఒకసారి ముంచి కట్టేశాను. గంజి ఉన్న గుడ్డ నీరు సరిగా పీల్చదు. పదహారు డిగ్రీలు దాటి ఉండవలసిన తేడా ఆరుకు పడిపోయింది. పెదవులు పగిలే ఎండలో ఇంత తేమేమిటని అనుమానం రావాలి. రాలేదు, నా మొహానికి.

మర్నాడు రాఘవప్ప వాళ్లు వీధిలో పడుగు చాపబోతున్నారు. మగ్గమెక్కించే నిలువు దారాలను వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టే పని అది. ఇరుగుపొరుగంతా చెయ్యి వేయాలి. మధ్యలో వాన పడితే పడుగు పాడైనట్టే. గాలివాన వస్తుంది, వద్దన్నాను. ఆగారు. మూడు రోజులు ఆపించాను. ఒక్క చినుకు లేదు.

“గాలి పొడిగా ఉండాది సార్. మగ్గం మీద పోగులు పుటుక్కున తెగుతాండాయి” అన్నాడు రాఘవప్ప.

పోగుల మాట కాదు, పరికరం మాట వినమని గద్దించాను. వీధిలో వాళ్లు “వాన సార్ వచ్చినాడప్పో, గొడుగులు తీయండి” అని నవ్వసాగారు.

నాలుగోరోజు గుడ్డను పట్టి చూశాను. పై భాగం అట్టలా బిరుసుగా ఉంది. చప్పుడు చేయకుండా ఇంటికి తెచ్చి, ఉడకబెట్టి, ఉతికి మళ్లీ కట్టాను. తేడా పదిహేడుకు లేచింది. ముందటి అంకెలు తప్పని రిజిస్టరులో రిమార్కు రాయాలి. రాయలేదు. రాఘవప్పకూ చెప్పలేదు.

ఆరోరోజు పొద్దున గాలి దిక్కు మారింది. ఒళ్లు జిగటగా ఉంది. ఏడింటికి చూస్తే తేడా మూడే. ఈసారి గుడ్డలో లోపం లేదు; తేమ నిజంగానే వచ్చింది. ఇంటికి వచ్చేసరికి రాఘవప్ప కుంచె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“మధ్యాన్నం పడుగు సాపుతాండాము సార్. ఏమంటారు?”

అతని మాటలో వెటకారం లేదు. వద్దంటే మళ్లీ నవ్వుతారు. నమ్మించాలంటే గుడ్డ సంగతి ఒప్పుకోవాలి.

“మీ ఇష్టం అన్నా” అన్నాను.

నాలుగింటికి మబ్బు కమ్మింది. ముందు ఈదురుగాలి, వెంటనే వడగళ్లు. నేనూ పరుగెత్తి పడుగు కట్టిన ఓ గుంజ పట్టుకున్నాను, ఏం లాభం? గంజి కారిపోయి, పోగులు చిక్కుపడి బురదలో కూరుకుపోయాయి. ఇంట్లో రెండు మగ్గాలకూ అదే పడుగు. మళ్లీ నూలు రావాలంటే నెల. రాఘవప్ప తల పట్టుకుని వీధిలోనే కూలబడ్డాడు.

మర్నాడు ఒప్పుకుందామనే వాళ్లింటికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అతను నా చేతులు పట్టుకున్నాడు.

“మీరు మొదటినుంచీ వద్దంటిరి సార్. మేమే ఇనకపోతిమి. ఇంగోసారి మీ మాట దాటితే సెప్పుతో కొట్టండి.”

నేను తల ఊపాను. వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

పరికరం తప్పు చూపితే సరిచేయడానికి పద్ధతి ఉంది. పరిశీలకుడు తన తప్పు దాచుకుంటే, ఆ తర్వాత అతను చూసిన నిజం కూడా ఎవరికీ అక్కరకు రాదు. ఆ ఊళ్లో ఇంకో రెండేళ్లు ఉన్నాను. ఆ రెండేళ్లూ రాఘవప్ప నన్ను అడగకుండా పడుగు చాపలేదు.