ఇంద్రావతి రేవులో ఆదివారాలు

జగదల్‌పూర్‌లో మంత్రసాని చదువు చదివిన రెండేళ్లూ నాకు ఆదివారం మధ్యాహ్నమంటే భయం. మిగతా రోజులు పనిలో గడిచిపోయేవి. గుడ్డలు ఉడకబెట్టడం, కాన్పుల గది కడగడం, డాక్టరమ్మ చెప్పింది హిందీలో రాసుకోవడం. ఆదివారం భోజనాలు కాగానే సెలవు. నాతో చదివే నలుగురి కోసమూ ఎవరో ఒకరు వచ్చేవారు. తల్లో, అన్నో, చుట్టుపక్కల పల్లె నుంచి సంతకు వచ్చిన మనిషో. వసారాలో కూర్చుని వాళ్లు చెప్పుకునే మాటలు వింటూ నేను జడ విప్పి మళ్లీ అల్లుకునేదాన్ని.

బస్తర్ అప్పుడు వేరే రాజ్యం. మా ఊరు గోదావరి అవతల, నిజాం ఇలాకాలో. మా అక్కను బస్తర్‌లోని కుంట అనే ఊరికి ఇచ్చారు. అక్కడి ఆడవాళ్ల భాష తెలిసిన మంత్రసాని కావాలని అధికారులు వెతుకుతుంటే మా బావ నన్ను చూపించాడు. తెలుగు వచ్చినందుకే నన్ను ఎంచుకున్నారు. తీరా ఎడ్లబండిలో వారం రోజులు ప్రయాణం చేసి వచ్చి చూస్తే, జగదల్‌పూర్‌లో నాతో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

అమ్మాయిలు నన్ను ‘పరదేశిన్’ అని పిలిచేవారు. ఎగతాళికి కాదు, నా పేరు వాళ్ల నోరు తిరగలేదు. పని లేని సాయంత్రాలు వాళ్లు చేతులు పట్టుకుని వరుస కట్టి ఆడేవారు. నన్నూ లాక్కుపోయేవారు. పాటలో నవ్వొచ్చే మాట ఎక్కడుందో వాళ్లు నవ్వాక గానీ నాకు తెలిసేది కాదు. అటొకరి చెయ్యి, ఇటొకరి చెయ్యి పట్టుకుని ఆలస్యంగా నవ్వుతున్నప్పుడే నాకు మరీ ఏకాకిగా అనిపించేది.

అందుకని ఆదివారాలు బట్టల మూట పట్టుకుని ఇంద్రావతి రేవుకు పోవడం మొదలుపెట్టాను. జనం లేని చోట రాతి మీద బట్టలు ఉతుకుతూ తెలుగులో పైకే మాట్లాడేదాన్ని. ఆ వారం ఎవరికి కాన్పయిందో, డాక్టరమ్మ ఎందుకు కోప్పడిందో అక్కతో చెప్పినట్టు చెప్పేదాన్ని. బట్టల చప్పుడులో ఎవరికీ వినబడదనుకున్నాను.

ఒక ఆదివారం వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. “ఏందమ్మా, ఎవలతోని ముచ్చట? మనోళ్ల పిల్లవా? ఏ ఊరు మీది?”

ఎడ్లను కడగడానికి తెచ్చిన బండివాడు. తలపాగా, నెరిసిన మీసం, మా నాన్న వయసు. ఏడాదిగా నేను వినాలని తపించిన మాట అది. కానీ ఒక్కదాన్నే మాట్లాడుకుంటూ దొరికిపోయానని సిగ్గేసింది. నాకు అర్థం కాలేదని అక్కడివాళ్ల హల్బీ భాషలో చెప్పి, తడిబట్టలు చంకలో పెట్టుకుని గట్టెక్కాను.

“మన పిల్ల గాదురా. నాకే అట్ల వినబడ్డది,” అని అతను తోటివాడితో అనడం వినిపించింది. అయినా వెనక్కి తిరగలేదు.

మరుసటి ఆదివారం పొద్దుటే వెళ్లి సాయంత్రం దాకా కూర్చున్నాను. అతను రాలేదు. దక్షిణం నుంచి వచ్చిన బండ్లు నాలుగు రోజుల కిందటే వెళ్లిపోయాయని సంతలో చెప్పారు.

ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. పక్క మంచం అమ్మాయి, హల్బీ మాట్లాడే రైతుల పిల్ల, ఏమైందని అడిగింది. నాకొచ్చిన కొద్దిపాటి హల్బీలో జరిగింది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె నవ్వలేదు. ఆ తరువాతి ఆదివారం తన అన్నను తొందరగా పంపించేసి నా వెంట రేవుకు వచ్చింది.

“చెప్పు. నాకు అర్థం కాదులే, వింటాను,” అంది తన భాషలో.

మొదట మూట విప్పి బట్టలు తడిపాను. తరువాత, చిన్నప్పుడు ఒక రవిక కోసం నేనూ అక్కా కొట్టుకున్న సంగతి చెప్పాను. ఎక్కడ ఊఁ కొట్టాలో తెలియక ఆమె మాటమాటకూ కొట్టింది. మధ్యలో నేను ఏడిస్తే కారణం అడగలేదు. నా చేతిలోని చీర తీసుకుని తనే పిండింది. అలా నాలుగు నెలలు ప్రతి ఆదివారం వచ్చింది.

వానాకాలంలో తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే చదువు మధ్యలోనే వదిలి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ తరువాత రేవులో ఎంత ప్రయత్నించినా పైకి మాట రాలేదు. బట్టలు ఉతుక్కుని వచ్చేసేదాన్ని.

చదువు పూర్తిచేసుకుని కుంట చేరిన రోజు అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. కాళ్లకు నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. “ఎట్లున్నదే ఆడ? మంచిగ చూసుకున్నరా నిన్ను?”

“మంచిగనే చూసుకున్నరక్కా.”

అది అబద్ధం కాదు. అక్క ఇంకేదైనా అడిగితే చెబుదామని ఆమె ముఖంలోకి చూశాను. పొద్దుపోతోందని ఆమె బియ్యం కడగడానికి లేచింది.