తొట్టి అడుగున గోనెసంచి

మల్కాపురంలో మాది లైనిల్లు. ఐదు వాటాలకూ కలిపి ఒకటే కుళాయి, ఒకటే స్నానాలగది. ఆ గదికి కిటికీ లేదు, తలుపు రేకుది. లోపల గడియ, బయట గడియ. మా కుక్కను కడిగేదీ అందులోనే. ఆ గడియ చప్పుడు వింటే చాలు, అది మంచం కిందికి దూరి గోడకు అతుక్కుపోయేది. చిన్నప్పటి నుంచీ దానికి నీళ్లు పడవు. వాన పడితే గుమ్మం దాటదు.

దానికి గజ్జి పట్టింది. నడుం మీద వెంట్రుకలు ఊడి, తోలు ఎర్రగా తేలింది. పశువుల ఆసుపత్రిలో సీసాతో మందిచ్చారు. గోరువెచ్చని నీళ్లలో కలిపి, నాలుగు రోజులకోసారి ఒళ్లంతా తడిపి, పది నిమిషాలుంచి కడగమన్నారు.

ఇంటి ఓనరమ్మ మా గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అంది.

"నెల్లాళ్లు సూత్తాను. తగ్గకపోతే కుక్కయినా ఎల్లాల, మీరైనా ఎల్లాల."

మా ఆయన పని పోర్టులో. నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇంకో గది దొరకడం లేదు. కుక్కను వదిలేద్దామంటే, పుళ్లున్న కుక్కను ఏ వీధి కుక్కలు రానిస్తాయి?

మేమిద్దరం సముద్రం మీద బతికే ఇళ్లలో పుట్టినవాళ్లం. మా వాడలో పిల్లలకు నీళ్ల భయం పోగొట్టడానికి పడవలో అల దాటించి, నడుముకు తాడు కట్టి నీళ్లలో దించేవారు. నన్నూ మా నాన్న అలాగే దించాడు. తాగిన ఉప్పునీళ్లు కక్కుకుంటూ పైకొచ్చాను, భయం పోయింది. గజ్జికి సముద్రస్నానం మంచిదని కూడా మావాళ్ల నమ్మకం. ఇంకేముంది, భయం, గజ్జి ఒక్కసారే వదిలిపోతాయనుకున్నాం.

ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి పడవలో తీసుకెళ్లాం. మా ఆయన తాడు పట్టుకున్నాడు, నేను దించాను. పుళ్లకు ఉప్పునీళ్లు తగలగానే అది చంటిబిడ్డలా అరిచింది. గబగబా పైకి లాగుతుంటే నా చెయ్యి కరిచింది. కోపంతో కాదు. పట్టుకోవడానికి దానికున్నవి పళ్లే కదా.

తప్పు చేశాం మావా అన్నాను. ఆయన తాడు చుట్టుకుంటూ, "నీ అబ్బ నిన్ను దించినప్పుడు నీ ఒంటి మీద పుళ్లు నేవు కదే," అన్నాడు.

ఆ తర్వాత గిన్నె తగిలిన చప్పుడైనా అది వణికిపోయేది. పొద్దున్న కుళాయి వచ్చి బిందెలు మోగుతున్నంతసేపూ మంచం కింద అది, మంచం మీద నేను. పది రోజులు అలా పోయాయి. మందు సీసా మూత కూడా తీయలేదు.

ఒకరోజు నేను స్నానాలగదిలో ఉండగా ఓనరమ్మ బయట గడియ పెట్టేసింది. పిల్లులు దూరకుండా ఎప్పుడూ అలా పెట్టడం ఆవిడకు అలవాటు. తలుపు బాదాను. కాళ్ల కింద నాచు జారుతోంది, గాలి ఆడడం లేదు. సముద్రానికి భయపడని దాన్ని, బకెట్టు పక్కన నిలబడి ఏడ్చాను. చాలాసేపటికి ఆవిడే వచ్చి తీసింది.

"నీల్ల సప్పుడు నేదు. లోపల మనిసున్నాదని నాకేటి తెలుసు?"

బయటికొచ్చి తిన్నగా మంచం కిందికి వంగి చూశాను. అది నన్నే చూస్తోంది.

ఇక దాన్ని ఆ గదికి తీసుకెళ్లలేదు. మా గుమ్మం ముందు ప్లాస్టిక్ తొట్టి పెట్టి, కాళ్లు జారకుండా అడుగున గోనెసంచి పరిచాను. మూడు రోజులు నీళ్ల మాటే లేదు. ఎండు నెత్తళ్ల చేపలు నలిపి కలిపిన అన్నం అందులోనే పెట్టాను. మొదట మెడ చాపి తింది, తర్వాత లోపలికి దిగింది. ఆ తర్వాత గోనె తడిపాను. మర్నాడు గోరువెచ్చని గుడ్డతో కాళ్లు తుడిచాను, ఆ మర్నాడు వీపు. చెంబు దాని కంట పడనివ్వలేదు, నెత్తిన నీళ్లు పొయ్యలేదు. మధ్యలో దిగిపోతే పోనిచ్చాను. అలా అలా ఒళ్లంతా మందు పెట్టించుకునే దాకా వచ్చింది.

నెల నిండిన రోజు తొట్టిలో దానికి గుడ్డతో మందునీళ్లు పట్టించి, పక్కనే కూర్చున్నాను. అప్పుడే ఓనరమ్మ వచ్చింది.

"తాడేదే?"

"కట్టనేదు అమ్మగోరూ."

"పారిపోతాది."

"పోనీండి. మల్లీ వత్తాది."

అన్నానే గానీ, నాకు మాత్రం ఏం తెలుసు? అది గడగడా వణుకుతూ ఒక ముందుకాలు తొట్టి అంచు మీద వేసి వీధి వైపు చూసింది. పట్టుకోవాలని చేతులు లేచాయి. ఒళ్లో పెట్టుకుని బిగించుకున్నాను. ఆ కాలు అంచు మీదే ఉంది. మిగతా మూడూ గోనె మీంచి కదలలేదు.

ఓనరమ్మ వంగి నడుం మీద చూసింది. అక్కడక్కడా నూగులా వెంట్రుకలు మొలుస్తున్నాయి, ఎరుపు ఇంకా పోలేదు.

"ఇంకో నెల సూత్తాను," అని వెళ్లిపోయింది.

పది నిమిషాలు అయ్యేదాకా అది అలాగే నిలబడింది, ఒక కాలు అంచు మీదే పెట్టుకుని. నేనూ దించమనలేదు.