చాచా చెప్పిన ట్యాంకు లెక్క

మొన్న ఉదయం షిఫ్టు బస్సులో ఉండగా, చాచా పోయారని మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండెపోటట. రిటైరయ్యాక కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో ఉంటున్నారు. జిన్నారం దగ్గరి మందుల ఫ్యాక్టరీలో ఆయన మా షిఫ్టు ఇంచార్జి. పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ చాచానే. నాకు లెక్కల మాస్టారు కూడా. బస్సులో అందరి ముందే ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఆయన దగ్గర చేరినప్పుడు నేను కాంట్రాక్టు హెల్పర్ని. ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేసినదాన్ని. టెన్త్ పాసైన హెల్పర్లను ఆపరేటర్లుగా పర్మినెంట్ చేస్తామని కంపెనీ అంది. లేదంటే ఏ రోజు గేటు బయటికి పొమ్మంటారో తెలియని బతుకే. ఓపెన్ టెన్త్ కట్టాను. మధ్యాహ్నం అన్నాల వేళ చాచా ఖాళీ డ్రమ్ము మూత మీద చాక్‌పీసుతో లెక్కలు చెప్పేవారు.

“పెద్ద ట్యాంకు నువ్వొక్కదానివే కడిగితే ఎంతసేపు పడ్తది?”

“మూడు గంటలు.”

“మీ వదిన కడిగితే?”

మా వదిన కూడా అక్కడే హెల్పర్. పక్కనే కూర్చుని తింటోంది. ఆమెకు వినపడేలా అన్నాను, “ఆరు గంటలు చాచా. ఆమెకు నోరు నడిసినంత జల్దీ చెయ్యి నడ్వది.”

“మరి ఇద్దరు కలిస్తే?”

రెండూ కలిపి సగం చేసి “నాలుగున్నర” అన్నాను.

చాచా పడీ పడీ నవ్వారు. “ఒక్కదానివి మూడు గంటలల్ల చేస్తవ్. ఆమె తోడొస్తే నాలుగున్నరనా? గట్లైతే ఆమెను ఇంటికి పంపియ్!”

వదిన చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని ఇద్దరినీ తిట్టింది. చాచా మూత తుడిచి మళ్లీ రాశారు. “గంటలు కలపకు బేటీ. గంటకెంత పనైతదో అది కలుపు.” గంటలో నేను మూడో వంతు, వదిన ఆరో వంతు. కలిస్తే సగం. రెండు గంటల్లో ట్యాంకు శుభ్రం. ఇంతోటిదానికా ఇన్నేళ్లు భయపడ్డానని నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత ఎక్స్‌లు మొదలయ్యాయి. ఒకరికి ఇంకొకరి కంటే ఐదు గంటలు ఎక్కువ పడుతుంది, కలిసి ఆరు గంటల్లో ముగిస్తారు. సమీకరణం సాధిస్తే పది, మైనస్ మూడు వచ్చాయి. ఈ మైనస్ మూడును ఏం చేయాలని అడిగాను.

“షిఫ్టు షురూ కాకముందే పని ఖతం చేసేటోడు దొరికితే, మేనేజర్ మనందర్ని తీసేసి వాన్నే పెట్టుకుంటడు. కొట్టెయ్!”

పరీక్షలో సరిగ్గా ట్యాంకు లెక్కే వచ్చింది. ఒకరికి పది గంటలు, మరొకరికి పదిహేను, కలిసి కడిగితే ఎంత? గాబరాలో నేను రాసింది ఇదీ: పది గంటలే. ఒకరు లోపల కడుగుతారు, రెండోవారు బయట తాడు పట్టుకుని నిలబడాలి. మా దగ్గర నియమం అదే. లోపలి వాసనకు మనిషి పడిపోతే బయటికి లాగాలి కదా. తాడు వదిలితే నౌకరీ పోతుందని రోజూ అరిచేది చాచానే. రెండు మార్కుల తేడాతో తప్పాను.

తిడతారనుకుంటూనే చెప్పాను. చాచా చేతిలోని చాక్‌పీసు పక్కన పెట్టారు.

“తప్పు నాది. ట్యాంకు మీద లెక్క చెప్పిన. కాగితం మీద ఇద్దర్ని లోపలికి పంపు, ఫికర్ లేదు. ఈడ మాత్రం నువ్వు రాసిందే కరెక్టు.”

“మరి పర్మినెంటు చాచా?”

“నేను మాట్లాడ్త. నువ్వు ఇంకోపాలి రాయి.”

మరునాటి నుంచి ట్యాంకులు మానేసి, డబ్బాలకు లేబుళ్లు అంటించే లెక్కలు చెప్పారు. ఆఫీసులో ఎవరిని బతిమాలారో, ఎన్ని మాటలు పడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఆరు నెలల గడువు మాత్రం తెచ్చారు.

రెండోసారి పాసయ్యాను. ఆపరేటర్‌గా మొదటి రోజు చాచా నన్ను మందు పొడి ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ మిషన్ రోజూ ఆయనే ఆన్ చేసేవారు, హెల్పర్లను ముట్టనిచ్చేవారు కాదు. అలవాటు కొద్దీ నేను పక్కకు జరిగి నిలబడ్డాను. చాచా ముందుకు రాలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, “సూస్తవేంది? షిఫ్టు షురూ అయింది” అన్నారు.

పచ్చ బటన్ నేను నొక్కేదాకా ఆయన ఆ చేతులు విప్పలేదు.